మెల్‌బోర్న్‌లో బంగారం వెతకాలంటే ముందు మైనర్స్ రైట్ కొనండి

మాది తుగ్గలి దగ్గర పల్లె. తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం ఎట్లా దిగుతారో చూస్తా పెరిగినోణ్ణి. అందుకేనేమో ఇక్కడ మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చిన మనోళ్ళు నన్నే అడుగుతుంటారు, అన్నా పాత బంగారు గనుల ఊరు బల్లారాట్ పక్కకి పోతే బంగారం దొరుకుతాదంట గదా, మన వీసా మీద తవ్వితే ఏమన్నా గొడవా అని.

గొడవేం లేదు, కానీ ఊరికే పార పట్టుకుని పోతే మాత్రం ఫైన్ పడుద్ది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మైనర్స్ రైట్ అనే పర్మిట్ ఒకటుంటుంది, ఆన్‌లైన్‌లో కొనొచ్చు, పాతిక డాలర్ల పైచిలుకు, పదేళ్ళు పనికొస్తుంది. పీఆర్ (శాశ్వత నివాసం) రాలేదని ఆగక్కర్లేదు, టూరిస్టులు కూడా కొంటారు. అది ఎవరిది వాళ్ళకే, మీ పేరు మీదున్నదానితో మీ ఆవిడ వెతక్కూడదు. దొరికిన బంగారం మీదే, గవర్నమెంటుకి వాటా ఇయ్యక్కర్లేదు. ఈ కాగితం వెనక పెద్ద కథే ఉంది, 1854లో బల్లారాట్‌లో బంగారం తవ్వుకునేవాళ్ళు లైసెన్స్ ఫీజు మీద తిరగబడితే యురేకా అనే చోట సైనికుల చేతుల్లో కొందరు చచ్చిపోయారు, మరుసటేడే పాత లైసెన్స్ పోయి ఏడాదికి ఒక పౌండుతో ఇది వచ్చింది.

అసలు తిప్పలంతా ఎక్కడ వెతకాలన్నదే. స్టేట్ ఫారెస్ట్‌లో చాలావరకు పర్లేదు. నేషనల్ పార్కులంటే మాత్రం కొన్నిట్లో గుర్తు పెట్టిన భాగాల్లోనే ఒప్పుకుంటారు, మిగతా చోట కుదరదు. కొన్ని వాగులు కూడా నిషేధం. రైతు పొలమైతే ఆయన్ని అడగాలి, ఇంకెవరికన్నా మైనింగ్ లైసెన్స్ ఉన్న నేలైతే వాళ్ళు ఒప్పుకోవాలి. ఇవన్నీ జియోవిక్ అనే గవర్నమెంటు మ్యాపులో కనిపిస్తాయి, బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని చూసుకోండి, అడివిలో సిగ్నల్ ఉండదు. పక్క రాష్ట్రం న్యూసౌత్ వేల్స్‌కి పోతే అక్కడి రూల్స్ వేరే.

పార, గునపం, జల్లెడ, పాన్ (మట్టి కడిగే పళ్ళెం), మెటల్ డిటెక్టర్ ఇంతవరకే. తవ్వే మిషన్లు, పేలుడు సామాను మాటే వద్దు. చెట్లు పీకకూడదు, ఆదివాసీల రాతి పనిముట్లు కనిపిస్తే ముట్టుకోకూడదు. ఇంక తవ్విన గుంత పూడ్చాల్సిందే. నేను మొదటిసారి రెండు గుంతలు అట్లే వదిలేసి కారెక్కుతుంటే కుక్కని తిప్పుకుంటా వచ్చిన ముసలాయనొకడు ఒక్క మాట గట్టిగా అనకుండా నిలబడి నాతో రెండూ పూడ్పించాడు, సిగ్గుతో తల ఎత్తలేకపోయా.

డిటెక్టర్ వెంటనే కొనొద్దు తమ్ముళ్ళూ. నేను సెకండ్ హ్యాండ్‌ది కొని ఆర్నెల్లు బీరు మూతలు, తుపాకీ గుళ్ళే ఏరా. పాన్‌తో మొదలుపెట్టండి. బల్లారాట్‌లో సావరిన్ హిల్ అనే పాత గనుల మ్యూజియంలో పిల్లల్తో సహా నేర్చుకోవచ్చు. మనకి పెద్ద కష్టం కాదు, మా అమ్మ బియ్యంలో రాళ్ళు గాలించినట్టే, బంగారం బరువు కాబట్టి అడుక్కి పోతుంది, పైనున్న మట్టిని నీళ్ళతో పోగొడితే కింద నల్ల ఇసక మిగుల్తుంది, ఆ ఇసకలో చూడాలి. వాగు వంపు తిరిగే చోట లోపలి ఒడ్డున, బండల సందుల్లో ఉన్న మట్టి తీయండి.

1869లో ఇదే విక్టోరియాలో మోలియాగుల్ అనే ఊరి దగ్గర డీసన్, ఓట్స్ అనే ఇద్దరికి అంగుళం లోతులోనే కరిగిస్తే 70 కిలోలు దాటే ముద్ద దొరికింది. నాకు ఎనిమిదేళ్ళలో దొరికిందంతా ఒక చిన్న సీసాలో అడుగున ఉంది, మా ఆవిడ దాన్ని చూసి ముక్కుపుడకకి కూడా రాదంటుంది.

ఒకటి మాత్రం జాగ్రత్త, పాత గని గుంతలు గడ్డిలో కనపడవు, పిల్లల్ని చెయ్యి వదలొద్దు. ఇక్కడి ఎండాకాలం (డిసెంబరు నుంచి ఫిబ్రవరి) బ్రౌన్ స్నేక్స్ అనే విషప్పాములు తిరుగుతాయి, పైగా అడివి మంటల భయం. ఏప్రిల్ దాటాక పోండి.