నీళ్ళకి పెద్ద ఎవరు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండాకాలం దగ్గరపడితే ఈ శీర్షికకి కుళాయి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి మాత్రం నీళ్ళు రాలేదని కాదు, నీళ్ళ మీద అధికారం ఎవరికిస్తున్నారు, ఎవరిస్తున్నారు అని అడిగారు చాలామంది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టి ఇవే తీసుకున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి లాస్ ఏంజిలిస్‌లో ఉంటాడు. అక్కడ నీళ్ళూ కరెంటూ చూసే సంస్థకి ఒక బోర్డు ఉందట, అందులోకి కొత్తగా ఎవర్నైనా తీసుకోవాలంటే మేయరు పేరు చెప్పాలట, కౌన్సిలు ఒప్పుకోవాలట. నేను నలభై ఏళ్ళుగా విజయనగరంలో ఉంటున్నాను, ఇక్కడ అలాంటి నియామకం జరిగినట్టు ఎప్పుడూ వినలేదు. మనకి ఆ బోర్డు లేదా, ఉండి మనకి తెలీదా?
— ఒక రిటైర్డ్ టీచరు, కంటోన్మెంట్, విజయనగరం

లేదు మేస్టారూ. మీకు తెలియకపోవడం కాదు, అసలు లేదు.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. లాస్ ఏంజిలిస్‌ బోర్డులో అయిదుగురు ఉంటారు. మేయరు పేరు ప్రతిపాదిస్తారు, సిటీ కౌన్సిలు ఆమోదించాలి, పదవి అయిదేళ్ళు. అందరి గడువూ ఒకే ఏడాది ముగియకుండా ఏర్పాటు చేసుకున్నారు. డెన్వర్ అనే ఇంకో ఊళ్ళో 1918 నుంచి ఇలాంటి బోర్డే ఉంది, అక్కడ పదవి ఆరేళ్ళు.

మన దేశంలో నీళ్ళకి వేరే బోర్డులు పెట్టుకున్నవి పెద్ద నగరాలే. బెంగళూరుది 1964లో వచ్చింది, చెన్నైది 1978లో, హైదరాబాద్‌ది 1989లో. అయితే వాటిలో మనుషులు వచ్చే తీరు వేరు. హైదరాబాద్ జలమండలికి చైర్మన్ ముఖ్యమంత్రి, రోజువారీ పని చూసే ఎం.డి. ప్రభుత్వం పంపే ఐ.ఏ.ఎస్. అధికారి. బెంగళూరులో చైర్మనే ఐ.ఏ.ఎస్. అధికారి. అంటే అక్కడ కుర్చీకి మనిషిని వెతకరు, ఒక హోదాలో ఉన్న మనిషి ఈ కుర్చీలో కూడా కూర్చుంటాడు, లేదా ఒక జీవో వచ్చి ఫలానా అధికారిని బదిలీ చేస్తుంది. ఆయనకి నీళ్ళ గురించి ఏం తెలుసని ఊరివాళ్ళు ముందుగా అడిగే సందర్భం ఎక్కడా రాదు.

మన విజయనగరం 1888 నాటి మున్సిపాలిటీ, 2015లో కార్పొరేషన్ అయింది. నీళ్ళు కార్పొరేషన్ పనుల్లో ఒకటి, రోడ్లూ కాలవలూ లైట్లతో పాటు. కమిషనర్‌ని రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది, ఇంజినీర్లూ అలాగే వస్తారు, అలాగే పోతారు. పెద్ద పైపులైనో, కొత్త ట్యాంకో కట్టాలంటే ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ కడుతుంది, కట్టాక నడిపేది కార్పొరేషన్. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కొత్త లైను లీకయినప్పుడు అది ఇంకా కట్టినవాళ్ళ బాధ్యతా, లేక నడిపేవాళ్ళకి అప్పజెప్పేశారా అని తేలేలోపు రోడ్డు చెరువైపోతుంది. కౌన్సిల్లో కార్పొరేటర్లు అరవొచ్చు, తీర్మానం చెయ్యొచ్చు, బడ్జెట్ ఆపొచ్చు, కానీ నీళ్ళ విభాగానికి ఎవరొస్తారన్నది వాళ్ళ చేతిలో లేదు.

అలాగని మనకీ ఒక బోర్డు కావాలని నేను అనను. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. మనం పెట్టే బోర్డులో కలెక్టర్ హోదాలో ఒకరు, కమిషనర్ హోదాలో ఒకరు, ఎమ్మెల్యే సూచించిన ఇద్దరు ఉంటారు, మూడు నెలలకోసారి జీడిపప్పు, టీ, ఫొటో. దానికి ఇంకో ఆఫీసూ, ఇంకో కారూ. ఆ అమెరికా పద్ధతి నుంచి తెచ్చుకోదగ్గవి రెండే రెండున్నాయి. ఒకటి, పగ్గాలు ఇచ్చేముందు అందరి ఎదురుగా నాలుగు ప్రశ్నలు అడగడం. రెండు, ఇచ్చాక కొన్నేళ్ళు కదపకుండా ఉంచడం. మనవాళ్ళు రెండోదాన్ని అసలు పట్టించుకోరు గానీ నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. ఏ వాల్వు తిప్పితే ఉల్లివీధికి వెళుతుంది, ఏది తిప్పితే కొత్తపేటకి పోతుంది, ఎక్కడ పాత లైను మురుగు కాలవ పక్కనుంచి పోతోంది అన్నది ఏ మ్యాపులోనూ సరిగ్గా ఉండదు. వచ్చిన ఇంజినీరు ఒక వేసవీ ఒక వర్షాకాలమూ చూస్తేగానీ ఆ ఊరు అర్థం కాదు. అర్థమయ్యేసరికి బదిలీ ఆర్డరు. ఆ తెలివంతా చివరికి వాల్వులు తిప్పే కాంట్రాక్టు కుర్రాడి బుర్రలో మిగులుతుంది, అతనికేమో ఏ బోర్డులోనూ చోటుండదు, నెల జీతం కూడా టైముకి రాదు.

ఇక ఆ ప్రశ్నలు ఏమిటంటారా? రామతీర్థం దగ్గర చంపావతిలో ఊట తగ్గితే ముషిడిపల్లి నుంచి వచ్చే గోస్తనీ నీళ్ళు ఎన్ని వార్డులకి సరిపోతాయి, మిగతా వార్డులకి ఏం చేస్తారు? భూగర్భ డ్రైనేజీ వ్యవస్థ ఉన్న ఊళ్ళకి మనిషికి రోజుకి 135 లీటర్లు అని కేంద్రం పెట్టిన లెక్క ఉంది, మనకి ఎంత వస్తోంది, ఎక్కడ కొలిచారు? పంపు చేసిన నీళ్ళెన్ని, ఇళ్ళకి చేరినవెన్ని, మధ్యలో పోయేది ఎంత? లైను చిట్టచివరి ఇంట్లో కుళాయి తిప్పితే లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందా? మన దేశ ప్రమాణాల్లో ఉన్న అంకే అది, ఎవరూ కొత్తగా కనిపెట్టింది కాదు. వీటికి జవాబు చెప్పగలిగిన మనిషిని ఏ పద్ధతిలో తెచ్చినా నాకు అభ్యంతరం లేదు. కౌన్సిల్ సమావేశానికి నీళ్ళ విభాగం ఇంజినీరుని పిలిపించి ఈ ప్రశ్నలే అడగమని మీ కార్పొరేటర్‌కి ఒక కాగితం రాసివ్వండి, దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ప్రశ్న: విజయనగరం వాళ్ళకి కనీసం కార్పొరేటర్‌ని ఎన్నుకునే యోగం పట్టింది. మా శ్రీకాకుళంలో ఎన్నికలే లేవు. రంగు నీళ్ళొస్తే ఎవర్ని తిట్టాలి?
— గృహిణి, ఇల్లీసుపురం, శ్రీకాకుళం

మీ కోపం న్యాయమైనదే అమ్మా. శ్రీకాకుళం చివరి పాలకవర్గం గడువు 2010లో అయిపోయింది. 2014లో మిగతా ఊళ్ళకి ఎన్నికలు జరిగాయి, 2021లోనూ జరిగాయి, మీకు మాత్రం పక్క పంచాయతీల విలీనం గొడవలతో రెండుసార్లూ ఆగిపోయాయి. అప్పటినుంచీ స్పెషలాఫీసర్ పాలనే, అంటే కౌన్సిల్ చేయాల్సిన పని కూడా ఒక అధికారే, మీకయితే కలెక్టరే, చేస్తారని అర్థం. ఆ అధికారి మంచివారు కావచ్చు, చాలా కష్టపడేవారూ కావచ్చు. కానీ జిల్లా అంతా చూసుకోవాల్సిన మనిషికి ఇల్లీసుపురం కుళాయి ఎన్నో నంబరు పని అవుతుందో మీరే ఆలోచించండి.

ఎన్నికైనవాళ్ళని పక్కన పెట్టి, పైనుంచి వేసిన మనిషి చేతికి నీళ్ళు ఇస్తే ఏమవుతుందో అమెరికాలో ఫ్లింట్ అనే ఊరు చూపించింది. ఊరు అప్పుల్లో ఉందని రాష్ట్ర గవర్నరు అక్కడ ఒక ఎమర్జెన్సీ మేనేజర్‌ని వేశారు, కౌన్సిల్ అధికారాలు ఆయనకి వెళ్ళాయి. డబ్బు మిగులుతుందని 2014 ఏప్రిల్లో డెట్రాయిట్ నుంచి కొనే నీళ్ళు మానేసి ఊరి పక్క నదిలో నీళ్ళకి మారారు. ఆ నీళ్ళు పైపుల్ని తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు, పాత పైపుల్లోని సీసం నీళ్ళలోకి దిగింది. జనం రంగు నీళ్ళ సీసాలు పట్టుకుని సభలకి వచ్చారు. 2015 మార్చిలో కౌన్సిల్ పాత నీళ్ళకే పోదామని 7-1తో ఓటేస్తే మేనేజరు కుదరదన్నారు. ఆ అక్టోబరులో గానీ తిరిగి మారలేదు, అప్పటికే పిల్లల రక్తంలో సీసం కనిపించింది. మీ ఊళ్ళో అలా జరుగుతుందని భయపెట్టడం లేదు, నాగావళి ఊటబావుల నీళ్ళ కథ వేరు. ఇక్కడ నన్ను ఆపింది ఆ 7-1. ఓటు వేసే హక్కుంది, దానికి విలువ లేదు. మీకు ఆ ఓటు వేసే మనుషులే లేరు.

తిట్టడం సంగతి తర్వాత, ముందు కాగితం పుట్టించండి. మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ అని ఒకరుంటారు, 2019లో సచివాలయాలు వచ్చినప్పటినుంచీ నీళ్ళూ రోడ్లూ కాలవల పని చూసేది ఆ ఉద్యోగమే. అక్కడ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా నోటిమాటగా చెప్పి రావొద్దు, వాళ్ళు ‘చూస్తామమ్మా’ అంటే అదే జవాబు అయిపోతుంది. పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి అదే రసీదుతో వెళ్ళండి, మీ స్పెషలాఫీసర్ హోదాలో ఉన్నవారి దగ్గరికే వెళుతున్నట్టు లెక్క. దాంతోపాటు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘మా నీళ్ళు ఎందుకు రంగు మారాయి’ అని అడక్కండి, ఆ చట్టం కింద కారణాలు చెప్పరు, ఉన్న రికార్డులు ఇస్తారు. ‘ఫలానా నెలలో మా వార్డులో నీటి పరీక్షల రిజిస్టర్ కాపీ, పంపింగ్ లాగ్‌బుక్ కాపీ’ అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. రిజిస్టరే లేదని జవాబొస్తే అది ఇంకా మంచి కాగితం, దాచుకోండి.

ప్రశ్న: మా బావగారు ఇరిగేషన్‌లో ఇంజినీరుగా రిటైరయ్యారు. కార్పొరేషన్‌లో కో-ఆప్షన్ సభ్యుడిగా వేస్తామని ఒక నాయకుడు అంటున్నారు. వేస్తే నీళ్ళ విషయంలో ఏమైనా చేయగలరా?
— బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు

మాట్లాడగలరు. ఓటు వేయలేరు. మున్సిపల్ పాలనలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాళ్ళని ఇలా ఎన్నిక లేకుండా కౌన్సిల్లోకి తీసుకోవచ్చని రాజ్యాంగం 243ఆర్ అధికరణం చెబుతుంది, అదే అధికరణం వాళ్ళకి ఓటు లేదని కూడా చెబుతుంది. ఉద్దేశం బంగారం లాంటిది. ఆచరణలో ఆ కుర్చీలు టికెట్ రాని కార్యకర్తలకి ఓదార్పుగా పోవడం మనం చూస్తూనే ఉన్నాం. అందులోకి నిజంగా ఒక ఇంజినీరు వెళతానంటే వద్దంటానా? వెళ్ళమనండి. ఒక్క షరతు, ఆయన కొడుకో అల్లుడో అదే కార్పొరేషన్‌లో పైపుల కాంట్రాక్టులు చేస్తుంటే మొదటి సమావేశంలోనే లేచి చెప్పమనండి. తర్వాత బయటపడితే ఆయన చదువంతా వృథా.

ప్రశ్న: మాది ఉద్దానం పల్లె. మా ఊళ్ళో నీటి కమిటీ ఉందని ఈమధ్యే ఒక బోర్డు మీద రాశారు, అందులో నా పేరు కూడా ఉంది! నన్నెవరూ అడగలేదు. నేనేం చెయ్యాలి?
— కవిటి మండలం నుంచి, డ్వాక్రా సభ్యురాలు

ఈ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత కంటోన్మెంట్ మేస్టారు గుర్తొచ్చారు. ఆయన అడుగుతున్న బోర్డు మీ ఊళ్ళో ఉంది, అందులో మీరు మెంబరు కూడా, ఆ సంగతి మీకు చెప్పడం మాత్రం మర్చిపోయారు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరికీ తాగునీటి కమిటీ ఉండాలి. 10 నుంచి 15 మంది, అందులో సగం మంది ఆడవాళ్ళు, నాలుగో వంతు పంచాయతీకి ఎన్నికైనవాళ్ళు, నాలుగో వంతు బలహీన వర్గాలవాళ్ళు. మామూలుగా సర్పంచ్ పెద్దగా ఉంటారు. ఊరికి ఏ పథకం కావాలో ప్లాను వేసేది, నెలకి ఎంత వసూలు చేయాలో చెప్పేది, నడపడం చూసేది ఈ కమిటీయే. ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి కిట్టుతో నీళ్ళు పరీక్ష చేయడం నేర్పాలని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. మీ ఉద్దానంలో కిడ్నీ జబ్బుల బెంగ ఎంతుందో, హిరమండలం నుంచి వంశధార నీళ్ళు రావాలని ఎన్నేళ్ళు ఎదురుచూశారో వేరే చెప్పక్కర్లేదు. పైపు వచ్చాక ట్యాంకు ఎన్నాళ్ళకోసారి కడుగుతున్నారు, ఆపరేటరుకి జీతం ఎవరిస్తున్నారు అన్నది పైనున్న వాళ్ళెవరూ మీ ఊరొచ్చి చూడరు.

చెయ్యాల్సింది ఇది. పంచాయతీ సెక్రటరీ దగ్గరికి వెళ్ళి కమిటీ తీర్మానం కాపీ, మినిట్స్ పుస్తకం చూపించమనండి. మీ పేరు పక్కన సంతకం ఉందేమో చూడండి. మీరు పెట్టని సంతకం ఉంటే అక్కడే రాసివ్వండి, సర్పంచ్ మీ మేనమామే అయినా సరే. సంతకం లేకపోతే మంచిది, వచ్చే సమావేశం ఎప్పుడో తేదీ అడిగి, మీ సంఘంలో ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. కిట్టు ఎక్కడుందో కూడా అడగండి, చాలా ఊళ్ళలో అది సీలు విప్పకుండా బీరువాలో ఉంటుంది, అందులో వాడే మందులకి గడువు తేదీ ఉంటుంది.

ప్రశ్న: బీటెక్ సివిల్ పూర్తయింది. నీళ్ళ శాఖలో ఉద్యోగం మంచిదేనా?
— ఎస్.కోట అమ్మాయి

మంచిదే. ఏ.పి.పి.ఎస్.సి. ఏ.ఈ. (అసిస్టెంట్ ఇంజినీరు) నోటిఫికేషన్ కోసం చదువుతూనే, ఎమినిటీస్ సెక్రటరీ పోస్టులు పడితే వాటికీ పెట్టు. రెండోది చిన్నదని వదిలేయకు. వేసవిలో ఫోన్లు మాత్రం రాత్రి పదకొండింటికీ వస్తాయి, అది ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పు.