Re: అలవాటుకీ ఆచారానికీ తేడా ఎక్కడ? సెమినార్ పేపర్ ఆగిపోయింది

రోజూ చేసేది అలవాటు, దేవుడికి సంబంధించింది ఆచారం అని రాసుకున్నారు కదా, మీరు ఇరుక్కుంది అక్కడే అండి. దేవుణ్ణి కాసేపు పక్కన పెట్టండి. పళ్ళు ఏ చేత్తో తోమినా శుభ్రమైతే చాలు, ఆచారంలో అలా కుదరదు, చేసే తీరే అసలు విషయం. 2009 జనవరి 20న ఒబామా అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తుంటే చదివించే చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ ఒక్క మాట అటూఇటూ చేశాడు, రాజ్యాంగం ప్రకారం ఆ మధ్యాహ్నమే పదవి వచ్చేసింది, అయినా ఎందుకైనా మంచిదని మర్నాడు వైట్ హౌస్‌లో మళ్ళీ మొత్తం చెప్పించారు!

ఇక నమ్మకం లేనివాళ్ళు ఎందుకు చేస్తారు అన్నారు. భయం వల్లే అంటే సగమే కరెక్ట్. పాపువా న్యూ గినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ చూసింది అదే, లోపలి మడుగులో చేపలు ఖాయంగా పడతాయి కాబట్టి మంత్రతంత్రాల్లేవు, ప్రమాదమున్న నడిసముద్రం వేటకి మాత్రం బోలెడు. కానీ పెళ్ళికో డిగ్రీ పట్టా ప్రదానానికో ఇది సరిపోదు, అక్కడ మనిషి హోదా మారిందని నలుగురి ముందు తేల్చడమే పని, మనసులో నమ్మారా లేదా అని ఎవరూ అడగరు.

ఈ హోదా మారే ఆచారాలకి, వాటి మీద పుస్తకం రాసిన వాన్ జెనెప్ అనే పరిశోధకుడు 1909లో చెప్పిన మూడు దశలు వాడండి: విడదీయడం, మధ్య స్థితి, మళ్ళీ కలుపుకోవడం. సైన్యంలో చేరినవాడికి ముందు జుట్టు కత్తిరిస్తారు, సొంత బట్టలు తీయిస్తారు, ట్రైనింగ్ అన్నాళ్ళూ వాడు అటు పౌరుడూ కాడు ఇటు పూర్తి సైనికుడూ కాడు, చివర్న పరేడ్. పేపర్‌కి ఈ ఒక్క ఉదాహరణే తీసుకుని మధ్య దశ మీద ఎక్కువ రాయండి, పది ఆచారాల లిస్ట్ వద్దు.