తమ్ముడికి సెల్స్ ఇస్తే నా నడుం పడిపోతుందా?

మీ ప్రశ్నలు – మా జవాబులు
(విశాఖపట్నంలో బ్లడ్ బ్యాంకులో రక్తంలోంచి కావాల్సిన కణాలు వేరుచేసే అఫెరిసిస్ మెషిన్ దగ్గర 19 ఏళ్లు పనిచేసిన సీనియర్ నర్సు సమాధానాలు)

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 31 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. మా తమ్ముడికి ఏఎమ్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. కీమో అయ్యాక రోగం అదుపులోకి వచ్చింది, మళ్లీ తిరగబెట్టకుండా ట్రాన్స్‌ప్లాంట్ చేయాలన్నారు. టెస్టులో నాది పూర్తిగా మ్యాచ్ అయింది. నా రక్తంలోంచే సెల్స్ తీస్తామంటున్నారు. మా అత్తగారేమో వెన్నుపూసలోంచి మూలుగ లాగేస్తారని, నడుం పడిపోతుందని, ఇక పిల్లలు పుట్టరని భయపడుతున్నారు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. తమ్ముడిది ఓ పాజిటివ్, నాది బి పాజిటివ్. వాడి బరువు 72 కిలోలు, నాది 52. వాడిని కాదనలేను. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి భయం సంగతి చూద్దాం. ఆవిడ కోడలి గురించి బెంగపడుతున్నారు, అందులో తప్పేం లేదు. కానీ వెన్నుపూసకీ దీనికీ సంబంధం లేదు. పాత పద్ధతిలో మత్తు ఇచ్చి మూలుగ తీసేటప్పుడు కూడా నడుం వెనక కటి ఎముకలోంచే తీస్తారు, వెన్నులోంచి కాదు. మీకు చెప్పిన పద్ధతిలో అదీ లేదు. మత్తు లేదు, ఆపరేషన్ లేదు. పిల్లలు పుట్టడానికీ ఇది అడ్డం కాదు. కాకపోతే ఇప్పుడు మీరు గర్భంతో ఉండకూడదు. అందుకే మొదలుపెట్టే ముందు ఆ టెస్టు కూడా చేస్తారు.

మీ దగ్గర తీసే సెల్స్ అంటే మూలకణాలు, రక్తాన్ని తయారుచేసేవి. అవి మామూలుగా మూలుగను అంటిపెట్టుకుని ఉంటాయి, రక్తంలో చాలా కొద్దిగా తిరుగుతుంటాయి. జీ-సీఎస్ఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్ ఇస్తే ఆ పట్టు సడలి రక్తంలోకి వస్తాయి. చర్మం కిందికి ఇచ్చే చిన్న సూది. వరసగా నాలుగైదు రోజులు, బరువును బట్టి డోసు. మీ బరువుకి రోజుకి రెండు సూదులు పడొచ్చు.

నొప్పి గురించి దాచను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కంచరపాలెం నుంచి ఒక వెల్డర్ వచ్చాడు, అన్న కోసం. ధైర్యం చెప్తున్నాననుకుని "చీమ కుట్టినంతే బాబూ" అన్నాను. మూడో రోజు రాత్రి రెండింటికి ఫోను. "సిస్టర్, నడుం విరిగిపోతోంది, నాకేదో అయిపోయింది" అని ఏడుపు. అతనికి ఏమీ కాలేదు. మూలుగ నిండుగా పనిచేస్తుంటే కటి ఎముక, నడుం, తొడ ఎముకలు లాగుతాయి, తలనొప్పి వస్తుంది, జ్వరం వచ్చేముందు ఒళ్లు నొప్పుల్లా ఉంటుంది. పారాసిటమాల్‌తో చాలామందికి తగ్గుతుంది. ఆ మాట నేను ముందే చెప్పి ఉంటే అతను ఆ రాత్రి అంత హడలిపోయేవాడు కాదు. పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో వచ్చి చెయ్యి చాపాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు. అప్పట్నుంచి ఎవరికీ చీమ కథ చెప్పలేదు. మీకూ మూడో రోజు, నాలుగో రోజు నొప్పి ఉంటుంది. చివరి సూది అయ్యాక కొద్ది రోజుల్లో పోతుంది. ఆస్పిరిన్ లాంటివి మాత్రం డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి.

ఆ రోజుల్లో తెల్లకణాల కౌంట్ 40, 50 వేలకి వెళ్లొచ్చు. రిపోర్టు చూసి నాకూ తమ్ముడి జబ్బే వచ్చిందేమోనని వణికిపోయినవాళ్లున్నారు. అది మందు చేసే పని, వారం పది రోజుల్లో మామూలుకొస్తుంది. పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం (స్ప్లీన్) కూడా కాస్త ఉబ్బుతుంది. చాలా అరుదుగా అది చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి ఆ వారమూ, తర్వాత ఇంకో వారమూ 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తకండి. పాప పొట్ట మీదికి ఎగిరి దూకకుండా చూసుకోండి. ఎడమ పక్కటెముకల కింద పోటు వచ్చి భుజం దాకా పాకితే ఎవరినీ అడక్కుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక సెల్స్ తీసే రోజు. కడుపునిండా టిఫిన్ తినే రండి. ఒక చేతిలోంచి రక్తం మెషిన్‌లోకి వెళ్తుంది. లోపల గిర్రున తిరిగే గిన్నెలో అది పొరలుగా విడిపోతుంది. మూలకణాలుండే పొరను తీసుకుని మిగతా రక్తమంతా రెండో చేతిలోకి తిరిగి పంపిస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలు. చేతులు కదపకూడదు కదా, ముక్కు దురద పెడితే ఎవరో గోకాలి! పక్కన మీవాళ్లు ఒకరుంటే మంచిది. నరాలు మరీ సన్నగా ఉంటే మెడ దగ్గర లైన్ వేయాల్సి రావొచ్చు. దాని గురించి ముందు రోజే అడిగి తెలుసుకోండి.

మధ్యలో పెదాల చుట్టూ, వేళ్ల చివర చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ మీ ఒంట్లో కాల్షియంని పట్టేసుకోవడం వల్ల అలా అవుతుంది. మొదటి జివ్వులోనే సిస్టర్‌కి చెప్పండి. కాల్షియం ఇస్తారు, మెషిన్ వేగం తగ్గిస్తారు. మొహమాటపడి ఓర్చుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. మన ఆడవాళ్లకి ఈ ఓర్పు ఎక్కువ. ఇక్కడ అది పనికిరాదు.

చివరికి స్టాండుకి చిన్న సంచి వేలాడుతుంటుంది. పలచటి టమాటా గుజ్జు రంగులో, రెండు మూడు టీ గ్లాసులంత. ఆ వెల్డర్ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని "వెచ్చగా ఉంది" అన్నాడు, ఇంకేం మాట్లాడలేదు.

మీరు బరువులు రాయడం మంచిదైంది. ఎన్ని కణాలు కావాలన్నది ఇచ్చేవాళ్ల బరువుని బట్టి కాదు, పుచ్చుకునేవాళ్ల బరువుని బట్టి. కిలోకి 20 లక్షల కంటే తగ్గకూడదు, 40 లక్షలు దాటితే నిశ్చింత. 72 కిలోలకి దాదాపు 29 కోట్లు. మీరు సన్నటి మనిషి కాబట్టి ఒక రోజుతో సరిపోక రెండో రోజు కూడా రమ్మంటే కంగారు పడకండి. బ్లడ్ గ్రూపు కలవకపోయినా ఫర్వాలేదు, కలవాల్సింది హెచ్ఎల్ఏ, అంటే కణాల మీద ఉండే గుర్తులు. సొంత అక్కాతమ్ముళ్లలో కూడా అది పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. అన్నీ సవ్యంగా జరిగితే కొన్ని నెలలకి మీ తమ్ముడి గ్రూపు కూడా బి పాజిటివ్ అవుతుంది.

ఇప్పుడు నిద్ర సంగతి. "కాదనలేను" అని రాశారు, "ఇస్తాను" అని రాయలేదు. మా దగ్గర దాతతో మాట్లాడేటప్పుడు ఇంట్లోవాళ్లని బయట కూర్చోమంటాను. మీరూ అడగండి. తమ్ముడిని చూసే డాక్టరు కాకుండా మీ మంచిచెడ్డలు మాత్రమే చూసే వేరే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని గట్టిగా అడగండి, అది మీ హక్కు. భయాలన్నీ అక్కడ కక్కేయండి. వద్దనుకుంటే అప్పుడే చెప్పండి, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు. కానీ ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందిచ్చే పెద్ద కీమో మొదలైతే అతని మూలుగ ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత మీరు వెనక్కి తగ్గితే అతని ప్రాణానికే ముప్పు. అందుకే ఆ తేదీ ఎప్పుడో తెలుసుకుని, అంతకు బాగా ముందే మనసు తేల్చుకోండి. మీ అత్తగారిని కూడా ఒకసారి సెల్స్ తీసే గదికి తీసుకెళ్లి మెషిన్ చూపించండి. చూశాక చాలామంది పెద్దవాళ్లు కుదుటపడడం నాకు తెలుసు.

ప్రశ్న: మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. వయసు 63, మైలోమా అనే బ్లడ్ క్యాన్సర్. ఆయన సెల్స్ తీసి ఆయనకే ఎక్కిస్తారట. రోగం ఉన్న మనిషివే మళ్లీ ఎక్కిస్తే లాభమేంటి?
– ఒక కొడుకు, అక్కయ్యపాలెం

జవాబు: ఇక్కడ రోగం మీద పనిచేసేది సెల్స్ కాదు బాబూ, మెల్ఫలాన్ అనే మందు. దాన్ని పెద్ద డోసులో ఇస్తే మైలోమా కణాలతో పాటు మంచి మూలుగ కూడా పోతుంది. ముందే తీసి దాచిన సెల్స్‌తో మూలుగను మళ్లీ నిలబెడతారు. రెండు వారాల్లో కౌంట్ లేవడం మొదలవుతుంది. దీనితో మైలోమా పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకండి. చాలామందిలో ఎక్కువ కాలం అణిగి ఉంటుంది.

మైలోమాకి ఇచ్చే లెనాలిడోమైడ్ అనే మందు ఎక్కువ నెలలు వాడితే సెల్స్ సరిగ్గా రావు, కాబట్టి ఎప్పుడు తీస్తారో ఇప్పుడే అడగండి. సరిపడా రాకపోతే ప్లెరిక్సాఫర్ అనే ఇంకో ఇంజెక్షన్ ఉంది. ఖరీదు ఎక్కువ. పథకం కిందో ఇన్సూరెన్స్ కిందో వస్తుందా అని ముందే కనుక్కోండి.

తీసిన సెల్స్‌ని కొన్నిచోట్ల 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచి ఎక్కించేస్తారు. ఎక్కువ కాలం దాచాలంటే డీఎమ్ఎస్ఓ అనే ద్రవం కలిపి ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు. అలా గడ్డకట్టించినవి ఎక్కిస్తే నాన్నగారి ఊపిరిలో వెల్లుల్లి వాసన లాంటిది వస్తుంది, గది అంతా పట్టేస్తుంది. కంగారుపడి సిస్టర్‌ని పిలవకండి, ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. ఎక్కించేటప్పుడు వికారంగా ఉంటే, వార్డువాళ్లు సరేనంటే, నిమ్మ బిళ్ల ఒకటి చప్పరించమనండి.