ఎన్నారై సందేహాలు: ఇక్కడి బడి మగపిల్లల్ని వెనక్కి నెడుతోందా?

రాజోలు దగ్గర నుంచి పోయినేడాది ఇంగ్లండు వచ్చిన ఒక అమ్మాయి అడిగింది: "అక్కా, మా పాప క్లాసులో ముందుంది. బాబు ఆగస్టులో పుట్టాడు, ఇయర్ వన్‌లో (ఇక్కడి ఒకటో తరగతి) ఉన్నాడు, పేరు రాయడానికే తంటాలు పడుతున్నాడు. ఈ బడులు ఆడపిల్లలకే అనువుగా ఉంటాయని మా ఆయన అంటున్నారు. వాణ్ని ఊరు పంపేసి, అమ్మ దగ్గర ఉంచి చదివించమంటారా?"

అమ్మా, ముందు ఆ పంపే ఆలోచన మానుకో. ఊళ్లో మాత్రం మగపిల్లలు ముందున్నారా? 2024లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో అమ్మాయిలు 89.17 శాతం పాసైతే, అబ్బాయిలు 84.32 శాతమే పాసయ్యారు. 'బాలికలదే పైచేయి' అని పేపర్లో ఏటా చూస్తూనే ఉన్నాం కదా. ఇంగ్లండుకే పరిమితమైన సంగతీ కాదిది. 2022లో 15 ఏళ్ల పిల్లలకి పెట్టిన పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో, ఓఈసీడీ అనే కూటమిలోని దేశాల సగటు చూస్తే చదివి అర్థం చేసుకోవడంలో అమ్మాయిలు 24 పాయింట్లు ముందున్నారు. లెక్కల్లో అబ్బాయిలు 9 పాయింట్లు ముందున్నారు.

అమ్మాయిలు పైకొచ్చింది అబ్బాయిల దగ్గర లాక్కుని కాదు. మన ధవళేశ్వరంలో వీరేశలింగం గారు ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. అప్పటి నుంచి మన ఆడవాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కి ఇక్కడిదాకా వచ్చారు. మగపిల్లలు ఎక్కడ జారుతున్నారన్నది వేరే ప్రశ్న. దానికి నాకు తెలిసిన జవాబు మా ఇంట్లోనే ఉంది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు నాకంటే తెలివైనవాడు. కళ్లంలో బస్తాల లెక్క కాగితం లేకుండా చెప్పేసేవాడు. వాణ్ని ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపారు, నేను జిల్లా పరిషత్ హైస్కూలు. పదిలో వాడికి ఇంగ్లీషు పోయింది. "మగపిల్లాడు, ఏదోటి చేసుకుని బతుకుతాడులే" అన్నారు నాన్న. నాకు పోయుంటే ఆ వేసవిలోనే పెళ్లి చేసేసేవారు. ఆ భయంతోనే నేను పుస్తకం వదల్లేదు. తమ్ముడు రొయ్యల చెరువు గట్టు మీద, రాత్రుళ్లు ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకుంటూ ఇరవై ఏళ్లు గడిపేశాడు. వాడికి ఎవరూ అన్యాయం చెయ్యాలనుకోలేదు. మగపిల్లాడు కదా అని ఊరుకున్నారు, అంతే.

అదే మాట ఇక్కడా విన్నాను. మా అబ్బాయి రిసెప్షన్‌లో, అంటే ఇయర్ వన్‌కి ముందుండే మొదటి క్లాసులో ఉన్నప్పుడు చెప్పిన మాట వినడు, పిలిస్తే పలకడు అని బడి వాళ్లు రోజూ చెప్పేవారు. ఏం చెయ్యమంటారని అడిగితే, మగపిల్లలు అంతే, సర్దుకుంటారు అనేవారు. నేనూ తలూపి వచ్చేసేదాన్ని. వాడి నోటుబుక్కులో రాసి చెరిపి, రాసి చెరిపి కాగితానికి చిల్లులు పడేవి. రెండేళ్ల తర్వాత జీపీ (మా ఫ్యామిలీ డాక్టరు) చెవుల పరీక్షకి పంపితే గ్లూ ఇయర్ అని తేలింది. చెవి లోపల నీరు చేరి వాడికి మాటలు మసకగా వినిపిస్తున్నాయి. వాడు అల్లరి చెయ్యలేదమ్మా, వాడికి వినపడలేదు. ఆ రెండేళ్లు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అందుకే, మీ బాబుకి ముందు జీపీని అడిగి చెవుల పరీక్ష చేయించు. కళ్లు కూడా చూపించు. పదహారేళ్ల లోపు పిల్లలకి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) కంటి పరీక్ష ఉచితం.

ఇంకొకటి. బాబు ఆగస్టులో పుట్టాడన్నావు. ఇక్కడ సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా పుట్టినవాళ్లంతా ఒకే క్లాసు. మీవాడు నాలుగేళ్లు నిండీ నిండగానే బడిలో కూర్చున్నాడు. పక్కన కూర్చున్న సెప్టెంబరు పిల్ల వాడికంటే దాదాపు ఏడాది పెద్దది. ఆ వయసులో ఏడాదంటే చాలా తేడా. దానికితోడు అయిదేళ్లప్పుడు మాటలోనూ రాతలోనూ ఆడపిల్లలు సగటున ముందుంటారు. వాడి మీద రెండు బరువులూ పడ్డాయి. ఇంకా బడిలో వెయ్యని చిన్నపిల్లలున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 మధ్య పుడితే, అయిదేళ్లు నిండాకే రిసెప్షన్‌లో చేర్చుకోమని అడగొచ్చు. ఒప్పుకోవడం కౌన్సిల్ చేతిలోనో స్కూలు చేతిలోనో ఉంటుంది గానీ, అడగడం మన హక్కు.

బడి తప్పేమీ లేదని నేననను. ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల్లోనూ, బడి నుంచి పంపించేసే పిల్లల్లోనూ మగపిల్లలే ఎక్కువ. "సర్దుకుంటాడు" అని టీచరు అంటే అక్కడితో వదలకు. ఏ శబ్దాలు పలకలేకపోతున్నాడు, పెన్సిల్ పట్టు ఎలా ఉంది, ఏ వారానికి ఏం నేర్పిస్తారు అని అడుగు. ప్రతి స్కూల్లోనూ ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల సంగతి చూసే సెన్కో అని ఒక టీచరు ఉంటారు, వాళ్లని కలవాలని ఈమెయిల్ పెట్టు. నోటిమాటగా అడిగితే మర్చిపోతారు. ఇయర్ వన్ జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది, 40 మాటలు చదివిస్తారు. అందులో సగం అర్థం లేని మాటలే ఉంటాయి, అవి చూసి కంగారు పడకు. అక్షరాలు కలిపి పలకడం వచ్చిందా లేదా అన్నదే వాళ్లు చూసేది. మన పిల్లలంటే క్లాసులో ఫస్టే రావాలన్నట్టు మనవాళ్లు మాట్లాడతారు. ఆ నామోషీతో సాయం అడగడం ఆపేసినవాళ్లని చాలామందిని చూశాను.

ఇంట్లో తెలుగు మానొద్దు. రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు మీ ఆయన్నే చదివి వినిపించమను, నువ్వు కాదు. పుస్తకం అమ్మదీ అక్కదీ అనుకుంటున్న పిల్లాడికి నాన్న చేతిలో అది కనపడాలి. చదివిన కథ మర్నాడు వీడియో కాల్లో మీ మామయ్య గారికి తెలుగులో చెప్పించు. పాప ముందు వాణ్ని దానితో పోల్చకు, పాపని వాడికి టీచరుగా కూర్చోబెట్టకు.

ఊరు కావాలంటే ఆగస్టు సెలవుల్లో తీసుకెళ్లు. కాలవలు నిండుగా పారుతుంటాయి, పుట్టినరోజు అమ్మమ్మ దగ్గర చేసుకుంటాడు. వచ్చేటప్పుడు మాత్రం నీ వెంటే తీసుకొచ్చెయ్. చెవుల పరీక్షలో ఏం చెప్పారో నాకు రాయి.