‘మాకోసం ఏటి మిగిల్చినావు నాన్నా?’

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నాకు 58 ఏళ్లు. తిత్లీ తుపానుకి కొబ్బరి తోట మొత్తం పడిపోయింది. అప్పు తీర్చడానికి విశాఖలో వాచ్‌మన్‌గా చేశాను. ఇప్పుడు తాతల నాటి ఎకరంన్నర, పెంకుటిల్లు తప్ప ఏమీ లేవు. హైదరాబాద్‌లో పనిచేస్తున్న అబ్బాయి, పెళ్లి మాటలప్పుడు అందరి ముందూ ‘మాకోసం ఏటి మిగిల్చినావు నాన్నా?’ అన్నాడు. రెండు నెలలుగా వాడితో మాట్లాడటం లేదు. పొలం వాడి పేరున రాసేసి చేతులు దులుపుకుందామనుంది. అమ్మాయికి పెళ్లయిపోయింది. పక్కింటాయన్ని డయాలసిస్‌కి బండి మీద పలాస తీసుకెళ్లడం తప్ప నాకు వేరే పని లేదు. పండక్కి వస్తే అబ్బాయే తీసుకెళ్తాడు. నా బతుకంతా వృథాయేనా?

జవాబు: కాదండీ. అందరి ముందూ ఆ మాట అనడం అబ్బాయి తప్పే, మీ మనసు ఎంత కోసుకుపోయిందో అర్థమవుతోంది. కానీ నేను ఆగిపోయింది మీరు చివర్లో అలా రాసి వదిలేసిన సంగతి దగ్గర. సెలవుకి వచ్చిన కుర్రాడు పక్కింటాయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాడు. కిడ్నీ జబ్బు ఉద్దానంలో ఇళ్లని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ మెషిన్ మీద దాదాపు నాలుగు గంటలు. తోడు వెళ్లినవాళ్లకి ఆ రోజు కూలి పోతుంది, అందుకే అయినవాళ్లు కూడా తప్పించుకుంటారు. మీ అబ్బాయి ఎందుకు తప్పించుకోవడం లేదు? మీరు కూర్చోబెట్టి నీతులు చెప్పి ఉండరు. చూశాడు, అలవడింది.

అప్పు సంగతీ అలాంటిదే. 2018 అక్టోబరులో తోట పడిపోయింది. కొబ్బరి మళ్లీ నాటినా కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. ఊరు వదిలి, రాత్రుళ్లు గేటు దగ్గర కాపలా కాసి బాకీ తీర్చారు. అదంతా వాడికి ఎప్పుడైనా చెప్పారా? పిల్లలకెందుకు టెన్షన్ అని దాచే ఉంటారు. వాడికి కనబడిందల్లా తోట లేదు, నాన్న ఇంట్లో లేడు అన్నదే. ఆ ప్రశ్నలో కాస్త ఆశ ఉండొచ్చు గానీ, తెలియనితనమే ఎక్కువని నా నమ్మకం.

నాకు నిజంగా దిగులు పుట్టించింది మీ మౌనం. మీ మంచిని చూసి నేర్చుకున్నవాడు దీన్ని మాత్రం వదిలేస్తాడా? రేపు భార్యతో మాట పట్టింపు వస్తే నెలల తరబడి ముఖం తిప్పుకోవడమే మగాడి పద్ధతి అనుకుంటాడు. అది కూడా మీరిచ్చే ఆస్తి కిందే జమ అవుతుంది.

పొలం మాత్రం కోపంలో ఎవరి పేరునా రాయకండి. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే అందులో అమ్మాయికీ కొడుకుతో సమానంగా హక్కుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం పెళ్లయినా ఆ హక్కు పోదు. ఇంత పెద్ద ఉత్తరంలో ఆమెకి దక్కింది ఒక్క ముక్క. ఆమె మనసులో ఏముందో అడగండి. మీ వాటా మేరకు వీలునామా రాసుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకం పెట్టి, వాళ్ల చేతా పెట్టిస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. రాసే ముందు పలాసలో ఒక వకీలుకి కాగితాలు చూపించండి. మీ తర్వాత మీ ఆవిడ ఎక్కడ ఉండాలి, ఏం తినాలి అన్నది అందులో మొట్టమొదట ఉండాలి.

అబ్బాయికి ఈ రోజే ఫోన్ చేయండి. పాత గొడవ ఎత్తకుండా, ఒకసారి ఇంటికి రమ్మనండి, అంతే. వచ్చాక బాకీ కట్టిన రసీదులు, పాస్‌బుక్ ముందు పెట్టి, తోట పడిన రోజు నుంచి జరిగింది జరిగినట్టు చెప్పండి. అమ్మాయి, మీ ఆవిడ కూడా అక్కడే ఉండాలి. ‘నలుగురిలో అలా అనడం నాకు కష్టమనిపించింది’ అని కూడా చెప్పేయండి. వాడు వెంటనే తప్పు ఒప్పుకోకపోయినా, మధ్యలో లేచి వెళ్లిపోకండి.