రూ.18,000 హార్ట్ ప్యాకేజీలో చేరాలా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. మా నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. దగ్గర్లోని ఆసుపత్రివాళ్లు మా దంపతులిద్దరికీ ఏడాదికి రూ.18,000కు హార్ట్ కేర్ ప్యాకేజీ ఇస్తామంటున్నారు. చేరితే ముందుముందు ఆసుపత్రి ఖర్చులు తగ్గుతాయట. కంపెనీ ఇచ్చిన రూ.5 లక్షల బీమా తప్ప వేరే పాలసీ లేదు. చేరమంటారా?

జవాబు: నాన్నగారి సంగతి తెలిశాక గుండె గురించి జాగ్రత్తపడటం సబబే. ఖర్చు తగ్గుతుందన్న మాటే నాకు మింగుడుపడలేదు. ఇలాంటివాటిలో చేరిన కొత్తలో ఖర్చు పెరగొచ్చు కూడా. టీఎంటీలో (ట్రెడ్‌మిల్‌పై నడిపించి చేసే గుండె పరీక్ష) కాస్త తేడా కనిపిస్తే సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్) అంటారు, దాని వెనకే ఇంకో కన్సల్టేషన్. ఇవన్నీ ప్యాకేజీలో లేని ఓపీ బిల్లులు, అంటే ఆసుపత్రిలో అడ్మిట్ కాకుండా అయ్యే ఖర్చులు. మామూలు పాలసీలు వీటికి డబ్బు ఇవ్వవు. అమెరికాలో ఇల్లినాయిస్ యూనివర్సిటీ ఉద్యోగులను వెల్‌నెస్ కార్యక్రమంలో చేర్చి చూస్తే, చేరనివాళ్లతో పోల్చినప్పుడు వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పరీక్ష చేయించుకున్నంత మాత్రాన డబ్బు మిగలదు. అందులో తేలిన బీపీకి రోజూ మాత్ర వేసుకుంటే మిగులుతుంది. జన ఔషధి కేంద్రంలో టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర నెలకు వంద రూపాయల లోపే. ప్రభుత్వ బస్తీ దవాఖానాలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. అక్కడికి వెళ్లడం మనకు నామోషీ, అంతే.

మీకు అసలు టెన్షన్ ఉండాల్సింది సొంత పాలసీ లేనందుకు. కంపెనీ బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరవడం) అంటే రెండు మూడు లక్షలు ఇట్టే అయిపోతాయి. ముందు ఇంటిల్లిపాదికీ కలిపి వర్తించే రూ.10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ ప్రీమియంపై జీఎస్టీ లేదు. అప్పటికే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, గరిష్ఠంగా మూడేళ్లు. పాలసీ ఎంత ఆలస్యమైతే ఆ గడువు ముగియడం కూడా అంత ఆలస్యమవుతుంది. బీపీ ఉన్నట్టు ఇప్పటికే తెలిస్తే ప్రపోజల్ ఫారంలో రాయండి. ‘అవన్నీ ఎందుకు సార్’ అని ఏజెంట్ అన్నా వినకండి, రేపు క్లెయిమ్ తిప్పికొడితే ఆయన రాడు.

ఆదాయపు పన్ను మినహాయింపు కింద ముందస్తు పరీక్షలకు రూ.5,000 వరకే లెక్కలోకి వస్తుంది. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కాబట్టి పన్ను కలిసొస్తుందని ప్యాకేజీలో చేరకండి. ఈ నెలలోనే ఫిజీషియన్‌ను కలిసి నాన్నగారి విషయం చెప్పండి. ఆయన రాసిన లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), షుగర్, ఈసీజీ మాత్రం విడిగా చేయించుకోండి. అప్పటికీ ప్యాకేజీయే కావాలనిపిస్తే, ఏటా దానంతటదే రెన్యువల్ అయ్యే షరతు ఉందేమో చూసి సంతకం పెట్టండి.