కాలనీ చరిత్ర రాయబోయే అమ్మాయికి

అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

హైదరాబాద్‌లోని కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్ కలిపి ఒక స్థానిక చరిత్ర సంఘం పెడుతున్నామని రాశావు. సంతోషం. మీరు అచ్చు వేయించిన కరపత్రం కూడా చదివాను. అందులో కుతుబ్ షాహీలు ఉన్నారు, నిజాములు ఉన్నారు, ఫ్రెంచి సేనాని రేమండ్ ఉన్నాడు. మీ కాలనీ మాత్రం ఎక్కడా లేదు. నా సలహాలన్నీ దాని గురించే.

రేమండ్ 1798లో పోయాడు. ఆయన సమాధి గుట్ట మీద ఉంది, ఆయన పేరే జనం నోట మూసారాం అయి మూసారాంబాగ్‌గా నిలిచిందంటారు. ఆయన మీద రాసినవాళ్లకు కొదవ లేదు, మీరు కొత్తగా చేర్చేది తక్కువ. ఎవరూ రాయనిది ద్రాక్ష తోటలు పోయి ప్లాట్లు వచ్చిన కాలం. హైదరాబాద్ శివార్లలో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష విరగకాసేది. ఆ తోటలను ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, లేఅవుట్ ఎవరు గీశారు, పార్కు అని గీసిన చోట ఇవాళ ఏముంది? ఈ సంగతులు తెలిసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. రేమండ్ ఇంకో రెండేళ్లు ఆగగలడు. వాళ్లు ఆగలేరు. అందుకే మొదటి ఏడాది మొత్తం వాళ్లకే ఇవ్వండి.

పెద్దవాళ్ల ముందు ఫోను పెట్టి ‘ఈ ప్రాంత చరిత్ర చెప్పండి’ అని అడగవద్దు. అలా అడిగితే వార్తాపత్రికలో చదివినదే తిరిగి చెబుతారు. నీళ్ల గురించి అడుగు. బోరు ఎన్ని అడుగులకు పడింది, బావి ఎవరిది, ట్యాంకరు వారానికి ఎన్నిసార్లు వచ్చేది, కృష్ణా నీళ్లు ఏ ఏడు వచ్చాయి. తరువాత బస్సు: ఎక్కడ దిగి ఎంత దూరం నడిచేవారు, దీపాలు లేని దారిలో ఎవరు తోడు వచ్చేవారు. ఇంటాయన ప్లాటు గజం ఎంతకు కొన్నాడో, రిజిస్ట్రేషన్‌కు ఎన్నిసార్లు తిరిగాడో చెబుతాడు. అది రాసుకో. ఆ తరువాత వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఇంటావిడను అడుగు. పాము వచ్చిన రాత్రి, పాలు పోసిన గొల్లాయన, పురిటికి ఏ ఆసుపత్రికి ఎలా వెళ్లారు అన్నవి ఆమెకే తెలుసు. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెడితే ఆమె మాటకు ఆయన అడ్డం వస్తాడు, విడివిడిగా కలువు.

పాత కొత్తపేట, పాత సరూర్‌నగర్ ఊరి మనుషులను మరచిపోవద్దు. కాలనీ సంఘాల వాళ్లు చరిత్ర అనగానే తాము ఇల్లు కట్టిన రోజు నుంచి మొదలుపెడతారు. అంతకు ముందు ఆ భూమిని దున్నినవాళ్లు నాలుగు వీధుల అవతల ఉంటారు. మీ ఏడుగురిలో ఊరి తరఫు మనిషి ఒక్కరూ లేరని నీ ఉత్తరంలో చూశాను. సంఘం రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు చాలన్నది నిజమే, అయినా మీకు ఎనిమిదో మనిషి కావాలి.

ఇక కాగితాలు. నేను ఉద్యోగమంతా రెవెన్యూ రికార్డుల మధ్యే గడిపాను కనుక ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను, విసుక్కోవద్దు. ఊరి భూమి లెక్కకు పునాది సేత్వార్, అంటే మొదటి భూసర్వే అయ్యాక తయారైన రిజిస్టరు. దాని తరువాత చూడవలసింది 1954-55 ఖాస్రా పహాణీ, ఏ పొలం ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు. ఈ రెండింటితో ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉండేదో, తరి (మాగాణి) ఎంతో, ఖుష్కి (మెట్ట) ఎంతో తెలుస్తుంది. పాత దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి. అంచనాగా చదివే మనిషి వద్దు, అక్షరం అక్షరం చదివే మనిషిని వెతుక్కో. ఏడాది 1355 అని ఉంటే కంగారు పడకు, అది ఫసలీ, అంటే భూమిశిస్తు లెక్కలకు వాడిన ఏడాది. దానికి 590 కలిపితే 1945 వస్తుంది. ఫసలీ ఏడాది మన ఏడాది మధ్యలో మొదలవుతుంది కనుక 1945-46 అని రాసుకోవాలి. నెలల పేర్లు ఆజుర్, దై, బహమన్ అని కనిపిస్తే నిజాం కాలపు ఫసలీ అనే లెక్క. చదువుకున్నవాళ్లే దాన్ని హిజ్రీ అనుకుని లెక్క కట్టి, కాగితాన్ని పదేళ్లు వెనక్కి జరపడం చూశాను.

అన్నీ ఆఫీసుల్లోనే దొరకవు. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలను నగరంలో కలిపి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చేశారు. గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ రెండూ అందులో ఉన్నాయి. పాత మున్సిపాలిటీ పేరుతో ఉన్న ఇంటిపన్ను రసీదు, పాత ఇంటి నంబరు రేకు, మొదటి కరెంటు బిల్లు జనం బీరువాల్లో ఉన్నాయి. అసలు కాగితం ఎవరి దగ్గరా తీసుకోవద్దు. వాళ్ల ఇంట్లోనే, వాళ్ల కళ్ల ముందే స్కాన్ చేసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యి. ఫొటో అయితే వెనక మెత్తటి పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయించు. బాల్‌పెన్ను వద్దు, ఆ గీత ముందువైపు ముఖాల మీద తేలుతుంది. సెల్లోటేపు అసలే వద్దు. పేర్లు రాయని ఫొటోలు వెయ్యి పోగేసినా ఇరవై ఏళ్లకు వాటితో ఎవరికీ పని ఉండదు.

ఒక జాగ్రత్త. మన దగ్గర పాత కాగితం అడిగితే జనం ముందు భూమి తగాదా అనుకుంటారు. వాళ్ల తప్పు లేదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక చెరువు అనే మాట వింటేనే సగం మంది తలుపు వేస్తారు. సరూర్‌నగర్ చెరువు గురించి రాయండి, తప్పకుండా రాయండి. బతుకమ్మలు ఎటు వైపు వేసేవారు, చేపలు ఎవరు పట్టేవారు, వాన ఎక్కువైతే ఏ వీధుల్లోకి నీళ్లు వచ్చేవి, అన్నీ రాయండి. ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, ఎక్కడ అన్న ప్రశ్నకు మాత్రం సంఘం తరఫున ఎవరూ జవాబు చెప్పకూడదు. ఎవరికీ ధ్రువపత్రం ఇవ్వకూడదు. ఈ మాటను నియమావళిలోనే పెట్టుకోండి, లేకపోతే రెండో ఏడాదికల్లా మీ గది వకీళ్లతో నిండుతుంది.

చైతన్యపురి శాసనాన్ని మీరు కరపత్రంలో ఒక్క వాక్యంతో దాటేయడం నాకు నచ్చలేదు. మూసీ ఒడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద, బండపై బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్న శాసనం అది. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం పేరు అందులో ఉంది. విష్ణుకుండిన రాజుల కాలానిది. అంటే ఇవాళ మెట్రో స్తంభాలు ఉన్న దారికి కొద్ది దూరంలోనే దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందట భిక్షువులు ఉండేవారు. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లు. బండ మీద సుద్దముక్క, పిండి, నూనె ఏదీ రాయనివ్వకు. అక్షరాలు కనబడకపోతే పొద్దున్నే ఏటవాలు ఎండ పడినప్పుడు ఫొటో తీస్తే చాలు. సిరా అచ్చు తీయడం పురావస్తు శాఖవాళ్ల పని.

పునాదులు తవ్వేటప్పుడు నాణేలో, విరిగిన విగ్రహమో బయటపడిందని మీకు ఫోను వస్తుంది. దాన్ని మీ గదికి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టాలని మీలో ఎవరో ఒకరు అంటారు. అనగానే ఆపు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. దొరికిన చోటు, లోతు, తేదీ రాసి, ఫొటో తీసి, తెలిపే పని మీరు చేసిపెట్టండి.

ఇదంతా కొత్త పని అనుకోవద్దు. 1923లో చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావుగారు పోయాక ఆయన పేరు పెట్టుకున్న పరిశోధక మండలి హైదరాబాద్‌లో ఉండేది. ఆదిరాజు వీరభద్రరావుగారిలాంటి వాళ్లు ఊళ్ల నుంచి శాసనాలు సేకరించి అచ్చు వేయించారు. అప్పుడు వాళ్ల చేతిలో కెమెరా కూడా అరుదే.

డబ్బు సంగతి క్లుప్తంగా. రసీదు పుస్తకం రాకముందు ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. కార్పొరేటరుగారు సన్మానం పెడితే వెళ్లండి, శాలువా కప్పించుకోండి, ఆయన తాతగారి జీవితచరిత్ర వేస్తామని మాత్రం వేదిక మీద ఒప్పుకోకండి. వార్షిక జాబితా రిజిస్ట్రారుకు ఏటా దాఖలు చేసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. అందరి పని అంటే ఎవరూ వెళ్లరు.

తార్నాకలో రాష్ట్ర పురాలేఖనాగారానికి (స్టేట్ ఆర్కైవ్స్) వెళ్లేటప్పుడు సంఘం లెటర్‌హెడ్ మీద ఏ ఊరు, ఏ కాలం, ఏ రికార్డు కావాలో స్పష్టంగా రాసి తీసుకెళ్లు. ‘మా ప్రాంతానికి సంబంధించిన సమస్త సమాచారం’ అని రాస్తే ఉత్త చేతులతో వస్తావు. నియమావళి ముసాయిదా నాకు పంపు, ఎర్ర పెన్ను తీసి ఉంచాను.

మీ పెద్దమ్మ